దొంగసావు పురుగుకి నామకరణం

డిసెంబరు 3, 2024

టెక్కలిలో ప్రాక్టికల్ పరీక్షలు చూసుకుని, నౌపడలో పాసింజరెక్కి ఆమదాలవలస వచ్చాను. ఈరోజు ఒక పురుగును సేకరించాను.

సేకరించాను అనే రాయాలి. అయినా జరిగింది జరిగినట్టు కూడా రాస్తాను. డైరీలో అబద్ధాలు రాయడం నాకు అలవాటు లేదు.

ఎదురు సీట్లోకి భావనపాడు నుంచి ఎండుచేపల బుట్టతో ఒకామె వచ్చింది. వాసన గురించి నేనేమీ అనలేదు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను, కిటికీ వైపు తిరిగాను, మూడుసార్లు దగ్గాను. నాలుగోసారికి ఆమే అడిగింది.

"ఏటి బాబూ, నా సేపలు నీకు అడ్డమొచ్చినాయా?"

"బుట్ట కొంచెం అవతల పెట్టుకోమ్మా" అన్నాను.

ఆమె బుట్ట ఎత్తి, అవతల కాకుండా సరిగ్గా నా కాళ్ళ దగ్గర ధన్‌మని దింపింది. ఆ దెబ్బకి నల్లగా, నున్నగా, మిరియం గింజంత పురుగొకటి ఎగిరి నా ఒళ్ళో ఉన్న జవాబు పత్రాల కట్ట మీద పడింది. కాళ్ళూ మీసాలూ లోపలికి ముడుచుకుని చచ్చినట్టు పడుకుంది.

ముప్పై నాలుగేళ్ళుగా డిగ్రీ పిల్లలకి జంతుశాస్త్రం చెబుతున్నాను. పెంకుపురుగును చూస్తే ఏ కుటుంబానిదో చెప్పగలను. ఇది ఇంగ్లీషువాళ్ళు విదూషక పురుగులని పిలిచే రకం. కానీ ఇలాంటి వీపు నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. రెక్కపెంకుల మీది గీతలు సగంలో ఆగిపోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మొదలయ్యాయి.

నా బీపీ మాత్రల డబ్బాకి వారానికి ఏడు అరలు. ఆదివారం అర ఖాళీగా ఉంటే అందులో వేశాను. వచ్చే జూన్‌లో రిటైరవుతున్నాను. ఆ విషయానికీ దీనికీ సంబంధం లేదు.

డిసెంబరు 4

పురుగు లేదు.

బాలసరస్వతి పొద్దున్నే మాత్రలు సర్దిందట. "ఆదివారం గదిలో మిరియం గింజ ఉందండీ. తీసి పోపులపెట్టెలో వేశాను" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నేనామె మీద గొంతు పెంచలేదు. ఈరోజు కూడా పెంచలేదు. పోపులపెట్టె తెచ్చుకుని, మిరియాలన్నీ పేపరు మీద పోసి, భూతద్దంతో ఒక్కొక్కటే చూశాను. దేనికీ కాళ్ళు లేవు.

"చారులోకి ఎప్పుడు తీశావు?" అని అడిగాను.

"మీరు రెండుసార్లు పోయించుకున్నారే, అందులోకే."

డిసెంబరు 5

చారు తాగుతుంటే పంటి కింద ఏదైనా కరకరలాడిందా అని గుర్తు తెచ్చుకుంటున్నాను. ఒకటి ఆడింది. ఆవగింజ అయి ఉంటుంది. ఆవగింజే.

డిసెంబరు 6

దొరికింది.

సాయంత్రం సరస్వతి ముందు గదిలో పాఠం చెబుతోంది. బ్యాంకులో పనిచేసే అరుణశ్రీ అనే అమ్మాయి నోట్‌బుక్ చూసి స్వరాలు పాడుతోంది. ఉన్నట్టుండి ఒక నిషాదాన్ని పై స్థాయిలో అందుకుంది. పక్కవీధి కుక్క కూడా లేచింది.

"అక్కడ పైకెందుకు వెళ్ళావమ్మా?" అంది సరస్వతి.

"ని మీద పై స్థాయి చుక్క ఉందండీ" అంది అరుణశ్రీ.

"నేను పెట్టలేదే."

ఇద్దరూ పుస్తకంలోకి వంగారు. ఇంతలో అరుణశ్రీ, "మేడమ్, చుక్క దా మీదకి వెళ్తోంది" అంది.

నేను వంటింట్లోంచి పరుగెత్తాను. పుస్తకం మీదకి బోర్లా పడ్డానని సరస్వతి అంటోంది, నేను వంగానంతే. పురుగు మళ్ళీ చచ్చినట్టు పడుకుంది. ఈసారి నేను మోసపోలేదు. నాకు తెలిసిన మహానుభావుల్లో ఎవరికీ ఇంత నిబ్బరం లేదు.

డిసెంబరు 9

కాలేజీకి ఉన్న ఒకే ఒక్క మంచి మైక్రోస్కోపు ప్రిన్సిపాల్ తిరుమలరావుగారి గదిలో, ఆటల పోటీల షీల్డుల పక్కన అద్దాల బీరువాలో ఉంటుంది. వాడితే పాడవుతుందని ఆయన భయం. ఈరోజు బతిమాలి తీయించాను. పురుగు స్పిరిట్‌లో నిజంగానే చనిపోయింది. నాలుగుసార్లు సూదితో తడిమి చూశాను.

ఇది మగది. ఈ కుటుంబంలో ఏ జాతిదో తేల్చాలంటే మగ పురుగు మర్మాంగం ఆకారం చూడాలి. అది నువ్వుగింజలో సగం ఉంటుంది. రెండు గంటలు ఊపిరి బిగబట్టి విడదీశాను. అప్పుడు తిరుమలరావుగారు భుజం మీదుగా తొంగిచూశారు.

"ఏటి చూస్తన్నారు మాస్టారూ అంత శ్రద్ధగా?"

"పురుగు మర్మాంగమండీ."

ఆయన వెళ్ళి గది తలుపు వేసి వచ్చారు. "ఆడపిల్లలు తిరిగే కాలేజీ. కొంచెం చూసుకోవాలి కదండీ" అన్నారు. ఇది కొత్త జాతి కావచ్చనీ, కొత్తదైతే పేరు పెట్టాలనీ చెప్పాను. పేరు అనగానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మనుషుల పేర్లు కూడా పెడతారేటి?"

"పెడతారండీ. మగవారి పేరైతే చివర ఐ అని చేరుతుంది."

"తిరుమలరావై" అన్నారాయన మెల్లిగా. మళ్ళీ అన్నారు. మైక్రోస్కోపు నా దగ్గరే ఉంచుకోమన్నారు.

నేను మాటివ్వలేదు. "బాగుందండీ" అన్నానంతే. దాన్ని మాట కింద ఎవరూ లెక్కవెయ్యరు.

డిసెంబరు 14

మోహనకృష్ణకి ఫోటోలు పంపాను. నా పాత శిష్యుడు. కలకత్తాలో ఒక మ్యూజియంలో పెంకుపురుగుల విభాగం చూస్తాడు. నా క్లాసులో వెనక బెంచీలో నిద్రపోయేవాడు. పురుగులంటే నిద్రలో కూడా వినేవాడు.

డిసెంబరు 15

జవాబు లేదు.

డిసెంబరు 16

ఫోన్ ఎత్తలేదు. ముందు అచ్చువేసినవాడిదే పేరు. అది రూలు. ఆ రూలు అతనికి చెప్పింది నేనే.

డిసెంబరు 17

ఇప్పుడు కూడా ఎత్తలేదు. మనుషుల్ని నమ్మడం నా బలహీనత. ఆ వెనక బెంచీ చూపు నాకు అప్పుడే నచ్చలేదు.

డిసెంబరు 20

మోహనకృష్ణ ఫోన్ చేశాడు. చెల్లెలి పెళ్ళట. బంగారంలాంటి కుర్రాడు, నేనెప్పుడూ అదే అంటాను.

"సర్, మ్యూజియంలో ఉన్న పాత వాటన్నిటితోనూ పోల్చి చూశాను. దేనితోనూ కలవలేదు. కొత్తదే" అన్నాడు.

భోజనాల దగ్గర సరస్వతికి చెప్పాను. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒకే ఒక్క పురుగును ఎంచి, సూదికి గుచ్చి, ఎర్ర చీటీ తగిలించి ఎప్పటికీ దాస్తారు. వందేళ్ళ తరవాత ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే చూసుకోవాలి. ఆ పేరుకి ఆ పురుగే సాక్షి. హోలోటైప్ అంటారు.

"చారులో పడాల్సినదా?" అంది సరస్వతి.

ఒక్కటి చాలదట. ఆడవీ మగవీ కలిపి కనీసం పదైనా ఉంటే గానీ పత్రిక ఒప్పుకోదని మోహనకృష్ణ అన్నాడు. "ఎక్కడ పట్టారు సర్?" అని అడిగాడు. "తీర ప్రాంతంలో" అన్నాను.

డిసెంబరు 22

నా పేరు పెట్టుకోవాలని నాకు లేదు. ముందు ఆ సంగతి రాసి పెడుతున్నాను.

పైగా తన పేరు తను పెట్టుకోవడం మర్యాద కాదు. రూలేమీ లేదు కానీ, నవ్వుతారట. (ఊరికే, తెలుసుకోవడానికి మోహనకృష్ణని అడిగాను.)

కానీ మా తాతగారి పేరు పెడితే తప్పేమిటి? విజయనగరంలో వయొలిన్ విద్వాంసులు. కీర్తనలు రాశారు. మా నాన్నగారు మృదంగం. నేను పెళ్ళి చేసుకున్న మనిషి కూడా పాడుతుంది. మా ఇంట్లో శ్రుతి పట్టుబడనివాణ్ణి నేనొక్కణ్ణే. నా పదో ఏట నాన్నగారు నాచేత వయొలిన్ పట్టించి, అరగంట విని, "వీణ్ణి సైన్సులో వెయ్యండి" అన్నారు. కాబట్టి పురుగుల ద్వారానైనా ఆ వంశానికి ఏదో ఒకటి చెయ్యాలి.

తాతగారి పేరు లక్ష్మీనరసింహం. నా పేరు కూడా అదే కావడం యాదృచ్ఛికం.

లక్ష్మీనరసింహమై. పదిసార్లు రాసి చూశాను. నిండుగా ఉంది.

డిసెంబరు 23

"తాతగారికీ పురుగులకీ సంబంధం ఏంటి సర్? పేపర్లో రాయాలి" అన్నాడు మోహనకృష్ణ.

"ఆయన వయొలిన్‌కి పురుగు పట్టింది" అన్నాను.

నిజమే. పట్టింది చెదలు. ఆ సంగతి అతనడగలేదు.

జనవరి 4, 2025

నాలుగు రోజులుగా స్టేషన్‌కి వెళ్తున్నాను. పాసింజరు దిగే ఎండుచేపల బుట్టలన్నీ చూస్తున్నాను. ఆమె ముఖం సరిగ్గా గుర్తులేదు. బుట్ట గుర్తుంది. అన్ని బుట్టలూ ఒకలాగే ఉన్నాయి.

ఈరోజు సరస్వతి అంది: "మీరు ప్లాట్‌ఫారం మీద చేపల బుట్టల్లోకి వంగి వాసన చూస్తున్నారని అరుణశ్రీ చెప్పింది. మీకు తినాలని ఉంటే నాతో చెప్పండి, ఈ వయసులో నేనేమీ అనుకోను."

వాసన చూడడం లేదని చెప్పాను. నమ్మలేదు.

జనవరి 7

దొరికింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే పట్టింది.

"దగ్గు తగ్గినాదా బాబూ?"

పేరు మరిడమ్మ. నలభై ఏళ్ళుంటాయి. గట్టి మనిషి. ఫోన్‌లో పురుగు ఫోటో చూపించాను. చెయ్యి దూరంగా పెట్టి చూసింది.

"ఓస్, దొంగసావు పురుగు."

"దీనికి పేరుందా?" అన్నాను.

"పేరు నేకుండా ఉంటాదేటి? మా ఊర్లో పుట్టినదానికి మాము పేరెట్టుకోమా? ముట్టుకుంటే సచ్చినట్టు పడుకుంటాది. అది దొంగసావు. మా యత్త కూడా అలగే పడుకునీది, పనంటే."

"అది కాదమ్మా. సైన్సుకి ఈ పురుగు తెలీదు."

"సైన్సుకి తెలీదా? మరి సైన్సుని మా ఊరు పంపించకపోయినావా?"

ఇంకో పది కావాలని చెప్పాను. ఆమె బుట్ట నెత్తికెత్తుకుంటూ, "బుట్టలో ఎతికితే ఏటి దొరుకుతాది? ఇసకలో ఉంటాయి. కావాలంటే వొచ్చి పట్టుకో. ముక్కుకి గుడ్డ తెచ్చుకో" అంది.

జనవరి 19

భావనపాడు వెళ్ళి వచ్చాను. రెండుసార్లు స్నానం చేశాను. పాఠానికి వచ్చినవాళ్ళు వీధిలోంచే వెనక్కి వెళ్ళారు. అయినా ఈరోజు గురించి పూర్తిగా రాస్తాను.

ఒడ్డున వలలు పరిచి, వాటి మీద చేపలు ఆరబోస్తున్నారు. మరిడమ్మ భర్త నూకయ్య పడవ నీడన వల కుట్టుకుంటున్నాడు. నన్ను చూసి, "ఈయనేనా దగ్గేటోడు?" అన్నాడు. నా గురించి ఊళ్ళో ఇంకేమీ తెలియదనుకుంటాను.

మరిడమ్మ నన్ను ఇసక మీద కూర్చోబెట్టి, కుళ్ళిన చేప తలకాయొకటి కాలితో తిప్పింది. కింద పాతిక దాకా ఉన్నాయి. అన్నీ ఒక్కసారే కాళ్ళు ముడిచాయి. నేను సీసా మూత తీయబోయాను.

"ఆగు. మాటాడకుండా సూడు" అంది.

చూశాను. ఎండ మాడు మీద ఉంది. ఎంతసేపో కదలిక లేదు. తరవాత ఒకటి లేచింది. మీసాలు చాపింది, పక్కదాని చుట్టూ తిరిగింది, అది లేవలేదని చూసి మళ్ళీ పడుకుంది.

"ముందు లేసేది మొగుడు. పెళ్ళాం లేసిందో నేదో సూసుకుని మళ్ళీ తొంగుంటాడు" అంది మరిడమ్మ.

"మద్దెలో నా ఊసెందుకే?" అన్నాడు నూకయ్య అటునుంచి.

నేను నమ్మలేదు. ముందు లేచినవాటిని ఒక సీసాలో, తరవాత లేచినవాటిని ఇంకో సీసాలో పట్టాను. ఇంటికొచ్చి మైక్రోస్కోపు కింద చూశాను. మొదటి సీసాలో ఏడూ మగవే. రెండో సీసాలో ఏడింట్లో ఆరు ఆడవి. ముప్పై నాలుగేళ్ళ చదువుతో నాకు రెండు గంటలు పట్టే పని, ఆమె నిలబడి చూసి చెప్పేసింది.

ఇవి ఈగల పిల్లపురుగుల్ని తింటాయని కూడా ఆమే చెప్పింది. ఇవి ఉన్నచోట చేప పాడవదట. "అందుకే మాము తొక్కం. మా యమ్మ కూడా తొక్కనీదు కాదు" అంది.

వచ్చేటప్పుడు ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చింది. వద్దనలేకపోయాను. తిరుమలరావుగారికి ఇచ్చేశాను. ఆయన కళ్ళు చెమర్చాయి.

జనవరి 21

సరస్వతి ఇంకా ముందు గదిలో సాంబ్రాణి వేస్తోంది. "ఈ పురుగు వల్ల మన ఇంటికి ఒరిగిందేమిటండీ?" అంది.

"దానికి నీ పేరే పెడతాను" అన్నాను.

నోటికి వచ్చేసింది. సాంబ్రాణి పొగలో మనిషికి తెలివి ఉండదు. రాత్రి కూరలో ఉప్పు సరిపోయింది.

ఫిబ్రవరి 9

పేపరు పూర్తిచేసి పంపాను. నా పరిశీలనలు బాగా కుదిరాయి.

ఫిబ్రవరి 11

మోహనకృష్ణ: "సర్, ముందు లేచేది మగది అన్న పేరా అద్భుతం. నాకు తెలిసి ఎవరూ రాయలేదు. ఎన్నాళ్ళు గమనించారు?"

"చాలా ఏళ్ళు" అన్నాను.

నిజమే. చాలా ఏళ్ళే. ఎవరు గమనించారని అతనడగలేదు.

ఫిబ్రవరి 12

తిరుమలరావుగారు ఫ్లెక్సీ నమూనా చూపించారు. ఒక వైపు పురుగు, ఒక వైపు ఆయన. రెండూ ఒకే సైజు. కింద 'శాస్త్రలోకంలో తిరుమలరావై' అని ఉంది. వియ్యంకుడికి కూడా చెప్పారట.

"బాగుందండీ" అన్నాను.

ఒక పురుగు, ముగ్గురు మనుషులు. అందులో ఒకరు స్వర్గస్థులైన మా తాతగారు. ఆయన్ని కాదనడం భావ్యం కాదు.

ఫిబ్రవరి 16

పొద్దున్న వరండాలో కూర్చుని చీటీలు రాస్తున్నాను. ప్రతి పురుగు సూదికీ గోరంత చీటీ గుచ్చాలి. ఎక్కడ దొరికింది, ఏ తేదీ, సేకరించినవారెవరు. పదకొండు చీటీల మీద 'సేకరణ: లక్ష్మీనరసింహం' అని రాశాను. పన్నెండోది రాస్తుండగా గేటు చప్పుడైంది.

మరిడమ్మ. చేతిలో హార్లిక్స్ సీసా.

"ఆడవి కూడా కావాలన్నావు గదా ఆ దినం. తొమ్మిది ఉన్నాయి. రెండోసారి లేసినవే ఏరినాను" అంది. దారి ఎలా తెలిసిందంటే, స్టేషన్లో బుట్టలు వాసన చూసే మేస్టారి ఇల్లెక్కడ అని అడిగిందట. వెంటనే చూపించారట.

సరస్వతి కాఫీ తెచ్చింది. ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. మరిడమ్మ నా బల్ల వైపు చూసి అడిగింది.

"ఏటి రాస్తన్నావు బాబూ అంత సిన్నగా?"

"ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు పట్టారు అని."

"ఎవులు పట్టినారు?"

ఆమె ఊరికే అడిగింది. నన్ను ఇరికిద్దామని కాదు. కాఫీ ఊదుకుంటూ అడిగింది. సరస్వతి మాత్రం నా వైపే చూస్తోంది.

నేను దగ్గాను.

"మళ్ళీ మొదలైనాదా?" అంది మరిడమ్మ. "శొంఠి పెట్టమ్మా ఈయనకి."

ఆమె వెళ్ళాక పదకొండు చీటీలూ చింపేశాను. మళ్ళీ రాశాను. చిన్న అక్షరాల్లో ఆమె పేరు రాయడం నా పేరు కంటే సులువు. తక్కువ చోటు పడుతుంది.

ఫిబ్రవరి 17

పురుగు పేరు సంగతి సరస్వతితో చెప్పాలి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 19

చెప్పాను. నీ పేరు పెట్టలేనేమో అన్నాను.

"హమ్మయ్య" అంది. "మీరే మర్చిపోతారని ఊరుకున్నాను. కుళ్ళిన చేపల కింద బతికే పురుగుకి నా పేరా? నా శిష్యులేమనుకుంటారు?"

మరి తాతగారి పేరు అన్నాను. ఆమె తంబురా తుడుస్తూ, "తాతగారి పేరా?" అంది. అంతే అంది.

తరవాత నేనే అన్నాను, "మా ఇంట్లో అందరి పేరూ ఏదో ఒక పాటలో మిగిలింది సరస్వతీ. నాకు పాటలేదు."

ఇది రాయకూడదనుకున్నాను. రాసేశాను.

ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "తాతగారి కీర్తనల్లో ఆయన పేరెక్కడ ఉంటుంది?"

"చివరి చరణంలో."

"పాట ఎవరి మీద?"

"దేవుడి మీద."

"మరి పురుగు పేరు రాసేటప్పుడు, పెట్టినవాళ్ళ పేరు ఎక్కడా రాయరా?"

రాస్తారు. పురుగు పేరు పక్కనే, పేరు పెట్టినవాడి ఇంటిపేరో సొంతపేరో, ఏడాదితో సహా. ప్రపంచంలో ఎవరు ఎక్కడ ఆ పురుగు గురించి రాసినా అలాగే రాయాలి. ముప్పై నాలుగేళ్ళుగా ఆ సంగతి పిల్లలకి చెబుతూ, నాకు వర్తిస్తుందని తోచలేదు. బంతిలో విస్తళ్ళు లెక్కపెట్టేవాడిలాగా అయింది నా పని, లెక్కలో నన్నే మర్చిపోయాను.

ఫిబ్రవరి 20

మోహనకృష్ణకి ఫోన్ చేశాను. గమనించింది నేను కాదని, పట్టింది కూడా నేను కాదని, మా తాతగారి వయొలిన్‌కి పట్టింది చెదలని చెప్పాను.

"తెలుసు సర్" అన్నాడతను. "కుళ్ళిన చేప దగ్గర మీరు అంతసేపు కూర్చోరని తెలుసు."

ఆడవారి పేరైతే చివర ఏ అని వస్తుంది. మార్చి పంపాను.

ఫిబ్రవరి 24

తిరుమలరావుగారికి చెప్పాను.

"ఫ్లెక్సీ వచ్చేసిందండీ" అన్నారు.

కృతజ్ఞతల పేరాలో మొదటి పేరు మీదేనన్నాను. మైక్రోస్కోపు ఇచ్చినందుకని అచ్చులో ఉంటుందన్నాను. కొంచెం తేరుకున్నారు. "ఇంతకీ ఎవరి పేరు పెట్టినారు?" అన్నారు. చెప్పాను. ఆ రోజు చేపలిచ్చినామే అన్నాను.

"ఆమె అయితే న్యాయమేనండీ" అన్నారు. వియ్యంకుడితో ఏం చెప్పాలో మాత్రం తెలియడం లేదట. ఫ్లెక్సీ మరిడమ్మకి ఇచ్చేయమన్నారు, చేపలారబోసుకోవడానికి పనికొస్తుందని. మైక్రోస్కోపు మళ్ళీ షీల్డుల పక్కకి వెళ్ళింది.

ఏప్రిల్ 27

మోహనకృష్ణ సెలవు మీద వచ్చి, హోలోటైప్‌నీ మిగతావాటినీ తీసుకెళ్ళాడు. ఇకనుంచి అది కలకత్తాలో, ఇనప బీరువాలో ఉంటుంది. రైలు కదిలేదాకా అతని ఒళ్ళోని డబ్బా వైపే చూశాను. "సర్, మిరియాల డబ్బా పక్కన పెట్టను, భయపడకండి" అన్నాడు. సరస్వతి చెప్పినట్టుంది.

జూన్ 30

రిటైరయ్యాను. శాలువా. వాచీ. ఉపన్యాసాల్లో ఒకాయన నన్ను వృక్షశాస్త్రం అన్నాడు.

ఆగస్టు 21

అచ్చయింది.

ఆగస్టు 24

కాగితం తీసుకుని భావనపాడు వెళ్ళాను. సరస్వతి కూడా వచ్చింది. ఒడ్డున తిరుమలరావుగారి ముఖం మీద కవ్వళ్ళ చేపలు ఆరుతున్నాయి. సగం చెంప కనిపిస్తోంది.

మరిడమ్మకి విషయం చెప్పాను. దొంగసావు పురుగుకి సైన్సులో నీ పేరు పెట్టాను అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చీరకొంగు నడుముకి చుట్టింది.

"పురుగుకా? నా పేరా? మరిడమ్మ తల్లి పేరు నాకెట్టినారు బాబూ. అమ్మోరికి కోపమొస్తే? తీసేయ్."

"తియ్యడం కుదరదమ్మా. ఒకసారి అచ్చయితే ఎవరూ మార్చలేరు."

"అయితే నీ పేరెట్టుకోకపోయినావా? శుభ్రంగా ఉండును గదా."

తొమ్మిది నెలల్లో ఈ మాట అన్న మనిషి ఆమె ఒక్కర్తే. సరస్వతి సముద్రం వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి.

ఇంతలో నూకయ్య కాగితం తీసుకున్నాడు. ఏడో తరగతి దాకా చదివాడట. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. చదివి, నన్ను పైనుంచి కిందకి చూశాడు.

"మేస్టారూ, ఇదేటి? నా పెళ్ళాం పేరు పక్కన నీ పేరేటి?"

"పేరు పెట్టినవాళ్ళ పేరు పక్కనే రాయాలి నూకయ్యా. పద్ధతి."

"ఏ ఊరి పద్ధతి? శుభలేక లాగున్నాది."

"అన్ని దేశాల్లోనూ అంతే."

"అన్ని దేశాల్లోనూ ఇలగే అచ్చేసినారా?"

అవునన్నాను. అది చెప్పకుండా ఉండవలసింది. సరస్వతి అడ్డం వచ్చి, "అన్నా, ఈయన వల్ల ఏ ప్రమాదమూ లేదు, నాది పూచీ" అంది. నాకది పూర్తిగా నచ్చలేదు. అయినా అతను చల్లబడ్డాడు. వల దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఇంకో పురుగుందని, అది ఇంకా పెద్దదని, దాని పక్కన ఎవరి పేరూ వద్దని చెప్పి వెళ్ళాడు.

మరిడమ్మ ఇసకలో నా పక్కన కూర్చుంది. కోపం సగం పోయింది. "తెలుగులో రాసి సూపించు, ఎలగుంటాదో" అంది. తనకి తన పేరు వరకూ చదవడం వచ్చట.

వేలితో ఇసక మీద రాశాను. మరిడమ్మే.

ఆమె ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివింది. చివరి అక్షరం దగ్గర ఆగింది.

"మరిడమ్మ అంటే సాలదేటి? మరిడమ్మే అని నొక్కి సెప్పాలా?"

"సైన్సులో ఆడవారి పేరు అలాగే రాస్తారమ్మా."

ఆమె ఆ అక్షరాల వంక చూస్తూ కూర్చుంది. కెరటం ఇంకా దూరంగానే ఉంది.

"ఒకేల ఎవులైనా అడిగినారనుకో" అంది, "ఈ పురుగుని ముందు పట్టినదెవులు అని. సదివితే సాలు, తెలుస్తాది."

"తెలుస్తుంది" అన్నాను.

"అయితే ఉండనీ" అంది మరిడమ్మ. లేచి, చేపలు తిరగెయ్యడానికి వెళ్ళింది.